కరెంటు ఉంది, కబురు లేదు: ల్యాప్‌టాప్ ఎందుకు ఛార్జ్ ఎక్కదు

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం మా బావమరిది ల్యాప్‌టాప్ సంచీతో దిగాడు. "బావా, కొత్త బ్యాటరీ వేయించి పది రోజులు కాలేదు. ఒక్క పర్సెంటు కూడా ఎక్కట్లేదు" అన్నాడు. ఛార్జర్ పెట్టి చూశాం. అడాప్టర్ మీద లైటు వెలుగుతోంది. ల్యాప్‌టాప్ ఆన్ అవుతోంది. పని కూడా చేస్తోంది, కాకపోతే ఎక్సెల్ ఫైలు తెరవడానికే ఆపసోపాలు పడుతోంది. కింద మూలన బ్యాటరీ బొమ్మ మీద ప్లగ్గు గుర్తు ఉంది. అంకె మాత్రం 7 దగ్గర కూర్చుని లేవనంటోంది.

రీస్టార్ట్ చేయమన్నాను. విండోస్ మొదలవకముందే నల్లటి తెర మీద రెండు లైన్లు వచ్చాయి. అడాప్టర్ ఏ రకమో తెలియట్లేదు, బ్యాటరీ ఛార్జ్ కాకపోవచ్చు అని వాటి సారాంశం. "ఇది ఎన్నాళ్ల నుంచి వస్తోంది?" అని అడిగితే, "అదెప్పుడూ వచ్చేదే బావా, ఏదో ఒక కీ నొక్కితే పోతుంది" అన్నాడు. ఛార్జర్ పిన్ను మెడ దగ్గర, వైరు మొదలయ్యే చోట, వేలితో కాస్త పైకి ఎత్తి పట్టుకున్నాను. ఛార్జింగ్ మొదలైంది. వదిలాను. ఆగిపోయింది.

చాలా అడాప్టర్ల వైరులో కరెంటు మోసే తీగలు రెండే ఉంటాయి. కొన్ని కంపెనీల అడాప్టర్లలో, డెల్, హెచ్‌పీల గుండ్రటి పిన్నుల మధ్యలో కనబడే సన్నటి సూది లాంటిది అదే, మూడో తీగ కూడా ఉంటుంది. దాని పని కరెంటు మోయడం కాదు. "నేను 65 వాట్ల అడాప్టర్‌ని" అని ల్యాప్‌టాప్‌కి చెప్పడం. మావాడి వైరులో తెగింది ఆ సన్న తీగ. 19.5 వోల్టులు పూర్తిగానే అందుతున్నాయి. కానీ ఇచ్చేవాడు ఎవడో, ఎంత ఇవ్వగలడో ల్యాప్‌టాప్‌కి తెలియదు. తెలియనప్పుడు అది జాగ్రత్తపడుతుంది: బ్యాటరీకి కరెంటు పంపడం మానేస్తుంది, ప్రాసెసర్ వేగం తగ్గించి దొరికినదాంతో సరిపెట్టుకుంటుంది. నత్తనడకకీ, 7 దగ్గర ఆగిన అంకెకీ కారణం ఒక్కటే. కరెంటు వచ్చింది, కబురు రాలేదు.

ఛార్జింగ్ సమస్య అనగానే అందరి వేలూ బ్యాటరీ వైపే వెళ్తుంది, షాపువాళ్లది కూడా. నిజానికి గోడ నుంచి బ్యాటరీ దాకా ఒక దారి ఉంది: సాకెట్టు, అడాప్టర్, పిన్ను, జాక్ (ల్యాప్‌టాప్‌లో పిన్ను దూరే రంధ్రం), మదర్‌బోర్డు (లోపలి ప్రధాన సర్క్యూట్ బోర్డు), చివరన బ్యాటరీ. ఈ దారిలో రెండు ప్రయాణిస్తాయి, ఒకటి కరెంటు, రెండోది సమాచారం. కరెంటు ఎక్కడ ఆగిందో వెతకడం తేలిక. సమాచారం ఎక్కడ ఆగిందో, లేదా ఎక్కడ అబద్ధంగా మారిందో పట్టుకోవడంలోనే చిక్కంతా ఉంది.

గోడ దగ్గరే మొదలుపెడదాం. అదే సాకెట్టులో ఫోన్ ఛార్జర్ పెట్టి చూడండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి నేరుగా గోడకి పెట్టండి. నవ్వొచ్చేంత చిన్న సలహానే, కానీ లూజు సాకెట్టు వల్ల మదర్‌బోర్డు పోయిందని భయపడ్డవాళ్లు నాకు తెలుసు. అడాప్టర్ పెట్టెకీ గోడకీ మధ్య ఉండే విడి వైరు కూడా ఒక్కోసారి వదులై జారుతుంటుంది. దాన్ని గట్టిగా నొక్కండి.

మన ఊళ్ల సంగతి ఇంకొకటి ఉంది. ల్యాప్‌టాప్ అడాప్టర్లు దాదాపు అన్నీ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకుంటాయి. అందుకే రాత్రి లోవోల్టేజీలో ఫ్యాన్ నీరసంగా తిరుగుతున్నా ల్యాప్‌టాప్ మామూలుగానే ఛార్జ్ అవుతుంది. వాటికి అసలు శత్రువు లోవోల్టేజీ కాదు, పోయిన కరెంటు తిరిగి వచ్చే క్షణంలో ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీ. కరెంటు పోగానే ప్లగ్గు పీకి, వచ్చి రెండు నిమిషాలు నిలబడ్డాక పెట్టే అలవాటు మా నాన్నకి టీవీ విషయంలో ఉండేది. అది చాదస్తం అనుకునేవాణ్ణి. పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడు అడాప్టర్ సన్నగా జుయ్యిమనడం, మామూలు కంటే వేడెక్కడం కూడా మీరు గమనించే ఉంటారు. కాసేపటికి ఏమీ కాదు గానీ, రోజూ గంటల తరబడి అలా నడిపించడం దానికి మంచిది కాదు.

ఇక జివ్వుమనే సంగతి. ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో ఉండగా దాని లోహపు అంచు మీద మణికట్టు ఆనిస్తే సన్నగా చీమలు పాకినట్టు ఉంటుంది. లైన్ టెస్టర్ పెడితే వెలుగుతుంది కూడా. ఇంట్లో అందరూ హడలిపోతారు. జరిగేది ఇదీ: అడాప్టర్ లోపల విద్యుత్ రొదను అణచడానికి చిన్న కెపాసిటర్లు పెడతారు. వాటి గుండా జారే కొద్దిపాటి కరెంటు ఎర్త్ తీగలోంచి భూమిలోకి పోవాలి. మీ స్విచ్ బోర్డులో మూడో రంధ్రం ఉత్తుత్తిదైతే, లేదా మూడు పిన్నుల ప్లగ్గును టూ పిన్ కన్వర్టర్‌లో దూర్చితే, ఆ కరెంటుకి దారి లేక ల్యాప్‌టాప్ ఒంటి మీదే నిలుస్తుంది. 230లో దాదాపు సగం వోల్టేజీ అక్కడ కనబడుతుంది, కానీ కరెంటు మాత్రం మిల్లీ ఆంపియర్‌లో చిన్న భాగమే. కాబట్టి గిలిగింతకి భయం అక్కర్లేదు, ఎర్తింగ్ చేయించుకోమని ఇల్లు చెబుతున్నదని అర్థం. చెయ్యి వెనక్కి లాక్కునేంత షాక్ కొడితే మాత్రం అది వేరే కథ. ఆ అడాప్టర్‌ని మళ్లీ గోడకి పెట్టొద్దు. అమెరికా వెళ్లే పిల్లలకి కన్వర్టర్ కొనిచ్చే తల్లిదండ్రులకి ఓ మాట: అక్కడి 120 వోల్టులతో అడాప్టర్‌కి ఏ ఇబ్బందీ లేదు. అక్కడికి వెళ్లాక ఆ దేశపు మూడు పిన్నుల విడి వైరు ఒకటి కొనుక్కుంటే చాలు, కన్వర్టర్ గొడవా ఉండదు, గిలిగింతా ఉండదు.

అడాప్టర్ బాగుందో లేదో తేల్చడానికి దాని మీద వెలిగే లైటుని నమ్మకండి. వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే డీసీ వైపు తిప్పి, ఎర్ర తీగ పిన్ను లోపలికీ నల్ల తీగ బయటి లోహానికీ ఆనించండి. రెండూ ఒకదానికొకటి తగలకుండా చూసుకోండి. నడిమి సూది ఉన్న రకాల్లో ఎర్ర తీగ గొట్టం లోపలి గోడకి తగలాలి, సూదికి కాదు. 19.5 అని రాసి ఉన్న అడాప్టర్ దానికి అటూ ఇటూగా చూపించాలి. 20 వోల్టుల అడాప్టర్‌ని మీటర్‌లో 20 అనే గీత దగ్గర పెట్టి కొలిస్తే కొన్ని మీటర్లు వట్టి 1 చూపిస్తాయి. అడాప్టర్ పోయిందని కంగారుపడొద్దు, కొలత ఆ గీత దాటింది అని దాని అర్థం. 200 దగ్గరికి తిప్పండి.

మీటర్ సరిగ్గా చూపినంత మాత్రాన అడాప్టర్ నిర్దోషి కాదు. లోవోల్టేజీ రాత్రుల్లో టెస్టర్ వెలుగుతుంది, ఫ్యాన్ తిరగదు. ఇదీ అంతే. భారం లేనప్పుడు 19.5 చూపించి, ల్యాప్‌టాప్ లాగడం మొదలెట్టగానే చతికిలపడే అడాప్టర్లు బోలెడు. దీనికి తేలికైన పరీక్ష, అదే కంపెనీ, అంతే వాట్ల అడాప్టర్ ఇంకొకటి స్నేహితుణ్ణి అడిగి తెచ్చి పది నిమిషాలు పెట్టి చూడటం. నన్నడిగితే ఇంతకు మించిన పరికరం లేదు. బ్యాటరీ కొనే ముందు ఈ ఒక్క పని చేస్తే సగం ఖర్చులు తప్పుతాయి.

గోడకి పెట్టినప్పుడు వెలుగుతున్న అడాప్టర్ లైటు, పిన్ను ల్యాప్‌టాప్‌లో దూర్చగానే టక్కున ఆరిపోయిందా? అప్పుడు అడాప్టర్‌ని తిట్టకండి. చాలాసార్లు జాక్‌లోనో బోర్డు మీదో షార్ట్ ఉంటుంది, దాన్ని చూసి అడాప్టర్ తనని తాను కాపాడుకుంటోంది. గోడ నుంచి తీసి అర నిమిషం ఆగి పెడితే మళ్లీ వెలుగుతుంది. ఆ ల్యాప్‌టాప్‌ని పదే పదే గుచ్చి చూడటం మానేసి, చిప్ లెవెల్ సర్వీస్, అంటే బోర్డు మీది చిన్న చిన్న భాగాలని కూడా రిపేరు చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లడమే మంచిది.

జాక్ సమస్య చేతికే తెలుస్తుంది. పిన్ను వదులుగా ఊగుతుంది, ఓ వంపులో పెడితేనే ఎక్కుతుంది. ల్యాప్‌టాప్‌ని ఒళ్లో పెట్టుకుని వైరు లాగి పట్టి పనిచేసేవాళ్లకి ఇది తప్పదు. కొన్ని మోడళ్లలో జాక్ చిన్న వైరుతో విడిగా ఉంటుంది, మార్చడం తేలిక, ఖర్చూ తక్కువ. కొన్నిటిలో నేరుగా మదర్‌బోర్డుకి సోల్డర్ చేసి ఉంటుంది, అప్పుడు పనితనం ఉన్న చెయ్యి కావాలి. ఊగేది జాకా, విరిగింది వైరా అని తేల్చుకోవడానికి పిన్నుని కదలకుండా పట్టుకుని వైరుని మాత్రమే వంచండి. అప్పుడు ఛార్జింగ్ వచ్చిపోతుంటే తప్పు వైరుది. వైరుని కదలకుండా పట్టి పిన్నుని మాత్రమే కదిపితే వచ్చిపోతుంటే తప్పు జాక్‌ది.

టైప్-సీ వచ్చాక ఈ గుండ్రటి పిన్నుల గోల తగ్గింది, మాటల గోల పెరిగింది. టైప్-సీలో మాట కుదరనిదే కరెంటు కదలదు. వైరు గుచ్చగానే ఛార్జరూ ల్యాప్‌టాపూ బేరానికి కూర్చుంటాయి. "నా దగ్గర 5, 9, 15, 20 వోల్టులు ఉన్నాయి" అని ఛార్జర్ చెబుతుంది, "20 ఇవ్వు, 3 ఆంపియర్లు చాలు" అని ల్యాప్‌టాప్ అడుగుతుంది. ఈ బేరం భాషకి పవర్ డెలివరీ, పొట్టిగా పీడీ అని పేరు. బేరం కుదరకపోతే 5 వోల్టుల దగ్గరే ఆగిపోతుంది, అది ఫోన్‌కి చాలు, ల్యాప్‌టాప్‌కి చాలదు. ఏమీ కలపకుండా టైప్-సీ పిన్నుని మల్టీమీటర్‌తో కొలిచి "సున్నా వస్తోంది, ఛార్జర్ పోయింది" అనడం కూడా ఇందుకే తప్పు. ఎదుట ఎవరూ లేనిదే అది నోరు విప్పదు.

మూడో మనిషి కూడా ఉన్నాడు ఈ బేరంలో, వైరు. మామూలు టైప్-సీ వైరు 3 ఆంపియర్లే మోస్తుంది, అంటే 20 వోల్టుల దగ్గర 60 వాట్లు. అంతకు మించి కావాలంటే వైరు తలలో చిన్న చిప్ ఉండి "నేను 5 ఆంపియర్లు మోయగలను" అని చెప్పాలి. 100 వాట్ల ఛార్జర్, 100 వాట్లు తాగే ల్యాప్‌టాప్, మధ్యలో ఫోన్‌తో వచ్చిన వైరు ఉంటే మీకు దక్కేది 60. ఫోన్ ఛార్జర్ మీద 67 అనో 80 అనో పెద్ద అక్షరాలతో ఉన్నా మోసపోకండి. చాలా ఫోన్ కంపెనీల ఛార్జర్లు ఆ అంకెను తమ ఫోన్లతో తమ సొంత భాషలో మాట్లాడినప్పుడే ఇస్తాయి. పీడీ భాషలో ఎంత ఇస్తాయో చిన్న అక్షరాల్లో వెనక రాసి ఉంటుంది. భూతద్దం కావాలి. లేకపోతే ఫోన్ కెమెరాతో ఫొటో తీసి పెద్దది చేసుకోండి. అన్నట్టు, ల్యాప్‌టాప్‌కి ఉన్న ప్రతి టైప్-సీ రంధ్రమూ ఛార్జింగ్ తీసుకోదు. రెండుంటే ఒకటి వట్టి డేటా కోసమే కావచ్చు. పక్కన ప్లగ్గు బొమ్మో, బ్యాటరీ బొమ్మో ఉందేమో చూడండి.

గేమింగ్ ల్యాప్‌టాప్‌ల వాళ్లది తమాషా ఫిర్యాదు: "ఛార్జింగ్ పెట్టే ఆడుతున్నా, అయినా బ్యాటరీ దిగిపోతోంది." 180 వాట్లు తాగే యంత్రానికి 65 వాట్ల టైప్-సీ పెడితే మిగతాది బ్యాటరీ నుంచే వస్తుంది. ఏదీ చెడిపోలేదు, లెక్క కుదరలేదు.

ఇక్కడిదాకా అన్నీ సరిగ్గా ఉన్నా తెర మీద "ప్లగ్డ్ ఇన్, నాట్ ఛార్జింగ్" అని కనబడితే? చాలాసార్లు ఇది రోగం కాదు, ల్యాప్‌టాప్ కావాలని ఆగడం. అంకె 80 దగ్గరో 60 దగ్గరో ఆగి ఉంటే బ్యాటరీ ఆయుష్షు కాపాడే సెట్టింగ్ ఆన్‌లో ఉందన్నమాట. లెనోవోలో కన్సర్వేషన్ మోడ్, ఆసుస్‌లో 60-80-100 అని మూడు మెట్లు, హెచ్‌పీలో బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) దాగిన బ్యాటరీ హెల్త్ మేనేజర్. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టుకుంది. అంకె 96, 97 దగ్గర ఆగి ఉంటే అదీ మామూలే. కొద్దిగా దిగిన ప్రతిసారీ నింపడం బ్యాటరీకి మంచిది కాదు కాబట్టి, ఇంకొంచెం దిగేదాకా ల్యాప్‌టాప్‌లు మళ్లీ ఛార్జింగ్ మొదలెట్టవు. ఇదీ ఒక కబురే, మనం తప్పుగా చదువుకుంటాం.

ఆగడానికి ఇంకో కారణం వేడి. బ్యాటరీ లోపలుండే లిథియం అయాన్ సెల్స్‌ని సాధారణంగా 45 డిగ్రీలు దాటాక ఛార్జ్ చేయకూడదు. బ్యాటరీలో ఉన్న సెన్సర్ ఆ సంగతి చెప్పగానే బోర్డు కరెంటు ఆపేస్తుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం, రేకుల గదిలో, పరుపు మీద పెట్టుకుని పనిచేస్తున్న ల్యాప్‌టాప్ లోపల ఆ వేడి రావడం ఎంతసేపు? కాసేపు కూలర్ ముందు పెడితే దానంతట అదే మొదలవుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. బయటికి తీశాక లోపల తేమ పడుతుంది.

నిజంగా అకారణంగా ఆగిపోయిన సందర్భాలూ ఉంటాయి. ల్యాప్‌టాప్ ఆపేసి ఉన్నా లోపల ఒక చిన్న చిప్ మేలుకునే ఉంటుంది. పవర్ బటన్ నొక్కారా, మూత తెరిచారా, ఛార్జర్ వచ్చిందా అని కాపలా కాస్తుంది. దీన్ని ఎంబెడెడ్ కంట్రోలర్ అంటారు. వోల్టేజీ ఎగిసినప్పుడో, ఇంకెందుకో అది మొరాయిస్తే ఛార్జింగే కాదు, ఒక్కోసారి ల్యాప్‌టాప్ ఆన్ కూడా కాదు. అందుకే ఛార్జర్ తీసేసి (ఊడేరకం బ్యాటరీ అయితే అదీ తీసేసి) పవర్ బటన్ 30 సెకన్లు నొక్కి పట్టుకోమంటారు. లోపల మిగిలిన కరెంటు కరిగిపోయి ఆ కాపలాదారు నిద్రపోయి మళ్లీ లేస్తాడు. లెనోవో, ఏసర్ మోడళ్లు కొన్నిటిలో కింద సూదిమొన పట్టే రంధ్రం ఒకటి ఇందుకే ఉంటుంది. విండోస్‌లోని డివైస్ మేనేజర్‌లోకి వెళ్లి బ్యాటరీ డ్రైవర్ అన్‌ఇన్‌స్టాల్ చేయమని యూట్యూబ్‌లో ప్రతివాళ్లూ చెబుతారు. నష్టం లేదు, చేసి చూడొచ్చు. అది పనిచేసిందని చెప్పేవాళ్లలో చాలామందికి నిజంగా పనిచేసింది ఆ తర్వాత చేసిన రీస్టార్టే అని నా అనుమానం.

ఇప్పుడు బ్యాటరీ దగ్గరికి వచ్చాం. దాని ఆరోగ్యం చూడటానికి షాపుకి వెళ్లక్కర్లేదు. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే నల్లటి కిటికీ) తెరిచి, ఇంగ్లిష్‌లో పవర్ అనే మాటకి సీ, ఎఫ్, జీ అక్షరాలు తగిలించి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ కొట్టి, బ్యాటరీరిపోర్ట్ అని కలిపి టైప్ చేసి ఎంటర్ నొక్కండి. ఒక ఫైలు తయారవుతుంది, అది ఎక్కడుందో తెర మీద చూపిస్తుంది. దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. అందులో రెండు అంకెలు ముఖ్యం. డిజైన్ కెపాసిటీ, అంటే ఫ్యాక్టరీలో పుట్టినప్పటి బలం. ఫుల్ ఛార్జ్ కెపాసిటీ, అంటే ఇవాళ్టి బలం. మొదటిది 42,000, రెండోది 34,000 ఉంటే బ్యాటరీలో దాదాపు 81 శాతం మిగిలి ఉంది, బతికి బట్టకట్టినట్టే. రెండోది సగం దగ్గరికి వచ్చిందంటే వయసు అయిపోయింది. సైకిల్ కౌంట్ కూడా కొన్నిటిలో కనబడుతుంది. సున్నా నుంచి 100 దాకా ఒకసారి నింపితే ఒక సైకిల్, 50 చొప్పున రెండుసార్లు నింపినా ఒకటే. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలు 300 నుంచి 500 సైకిళ్ల దగ్గర నీరసిస్తాయి. ఆపిల్ తన మ్యాక్‌బుక్‌లకి 1000 అని చెబుతుంది.

సైకిళ్ల కంటే ఎక్కువగా బ్యాటరీని తినేది వేడి, నిండుదనం, ఈ రెండూ కలిసి. సగానికి తక్కువ ఛార్జ్‌తో 25 డిగ్రీల గదిలో ఏడాది ఉంచిన బ్యాటరీ నాలుగైదు శాతం బలమే పోగొట్టుకుంటుంది. నిండుగా ఛార్జ్ చేసి 40 డిగ్రీల్లో ఏడాది ఉంచితే దాదాపు మూడో వంతు పోతుంది. వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో ఏడాది పొడవునా ప్లగ్గు తీయకుండా నడిపినవాళ్ల బ్యాటరీలు, రోజూ ఆఫీసుకి మోసుకెళ్లినవాళ్ల బ్యాటరీల కంటే ముందే ఎందుకు పోయాయో ఇప్పుడు తెలుస్తుంది. ఆ 80 శాతం సెట్టింగ్ ఉన్నది వాళ్ల కోసమే.

బ్యాటరీ చెప్పే శాతం కూడా ఒక కబురే, కంటితో చూసిన నిజం కాదు. బ్యాటరీ లోపల చిప్ ఒకటి వచ్చిన కరెంటు, పోయిన కరెంటు లెక్క రాసుకుంటూ "ఇంకా 30 ఉంది" అంటుంది. పద్దులో చిన్న చిన్న తప్పులు పేరుకుంటే 30 దగ్గరే టపీమని ఆరిపోతుంది. రిపోర్టులో బలం బాగానే ఉండి ఇలా అవుతుంటే, ఒకసారి పూర్తిగా నింపి, దానంతటది ఆగేదాకా వాడి, మళ్లీ ఆపకుండా పూర్తిగా నింపితే పద్దు సరిపడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లకి మించి అక్కర్లేదు. దీన్ని బ్యాటరీకి వ్యాయామం అనుకుని వారం వారం చేసేవాళ్లున్నారు, అది ఆయుష్షుని తగ్గించుకోవడమే. ఇలా చేశాక కూడా 30 దగ్గరే పోతుంటే, లోపలున్న మూడు నాలుగు సెల్స్‌లో ఒకటి బలహీనపడింది. గొలుసులో ఒక్క సెల్ వోల్టేజీ పడిపోయినా మొత్తం ఆగాల్సిందే. దానికి వైద్యం లేదు, మార్చడమే.

ఆరు నెలలు అటక మీద పెట్టి తీసిన ల్యాప్‌టాప్‌ది ఇంకో రకం. నిండుగా ఉన్న సెల్ సాధారణంగా 4.2 వోల్టులు ఉంటుంది, ఖాళీ అయ్యేసరికి 3 దగ్గరికి దిగుతుంది. వాడకుండా వదిలేస్తే అక్కడి నుంచి ఇంకా కిందికి జారుతుంది. మరీ దిగజారాక లోపలి చిప్ ఛార్జింగ్‌ని ఒప్పుకోదు, ఎందుకంటే అలాంటి సెల్‌లోకి కరెంటు తోస్తే లోపల షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. అసలు ఛార్జర్‌తో రెండు మూడు గంటలు కదపకుండా వదిలి చూడండి, మెల్లగా లేస్తే లేస్తుంది. లేవకపోతే బయటి నుంచి వైర్లు పెట్టి "జంప్" చేస్తానన్నవాడికి ఇవ్వకండి. ఆ చిప్ కాదన్నదాన్ని బలవంతాన ఔననిపించడం అన్నమాట అది.

ఉబ్బిన బ్యాటరీ గురించి అందరూ ఆలస్యంగా తెలుసుకుంటారు, ఎందుకంటే అది బ్యాటరీ జబ్బులా కనబడదు. టచ్‌ప్యాడ్ నొక్కితే క్లిక్ అవట్లేదని వస్తారు. మూత సరిగ్గా పడట్లేదంటారు. టేబుల్ మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతోందంటారు. అడుగున స్కేలు ఆనించి చూస్తే మధ్యలో పొట్ట కనబడుతుంది. లోపలి రసాయనం విరిగి గ్యాస్ పుట్టింది, రేకు సంచీ లాంటి తొడుగు ఉబ్బింది. అప్పుడు చేయాల్సినవి ఛార్జర్ తీయడం, ల్యాప్‌టాప్ ఆపడం, బట్టల బీరువాలో కాకుండా ఖాళీ గచ్చు మీద పెట్టడం. నొక్కి సమానం చేయాలని చూడొద్దు, సూదితో గాలి తీయాలని అసలే చూడొద్దు. 2006లో సోనీ తయారుచేసిన సెల్స్‌లో మిగిలిపోయిన సన్నటి లోహపు రజను వల్ల షార్టులై మంటలొస్తే, డెల్ ఒక్కటే 41 లక్షల బ్యాటరీలు వెనక్కి పిలిపించింది. కంటికి కనబడని రజనే అంత పని చేస్తే, సూది మాట చెప్పాలా? తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలని సేకరించే బాధ్యత తయారీ కంపెనీలది. సర్వీస్ సెంటర్‌లో ఇచ్చేయండి.

కొత్తది కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ పేరు చెప్పి ఊరుకోకండి. ఒకే మోడల్‌లో 11.4 వోల్టుల రకం, 15.2 వోల్టుల రకం రెండూ ఉండొచ్చు. పాత బ్యాటరీ మీదున్న పార్ట్ నంబరు ఫొటో తీసుకెళ్లండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీలో మెట్లెక్కి ఏ షాపులో అడిగినా మొదట అడిగేది ఆ నంబరే. మన దేశంలో అమ్మే అడాప్టర్లకీ, లిథియం బ్యాటరీలకీ బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆర్ అనే అక్షరం, గీత, ఎనిమిది అంకెలు ఉంటాయి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. నకిలీ బ్యాటరీ మీద కూడా నంబరు ముద్రించుకోవచ్చు, కానీ యాప్‌లో వచ్చే పేరు, బ్యాటరీ మీది పేరు కలవకపోతే అనుమానించాల్సిందే. అడాప్టర్‌కైతే వోల్టులు సరిగ్గా సమానంగా ఉండాలి, ఆంపియర్లు పాతదాని కంటే ఎక్కువున్నా ఫరవాలేదు, తక్కువ ఉండకూడదు. విదేశంలో ఉన్న పిల్లలకి బ్యాటరీ పట్టుకెళ్లేవాళ్లు దాన్ని చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకండి. విడి బ్యాటరీలు చేతిసంచీలోనే ఉండాలి, 100 వాట్ అవర్లు దాటితే విమాన సంస్థ అనుమతి కావాలి. ల్యాప్‌టాప్ బ్యాటరీలు చాలావరకు ఆ లోపే ఉంటాయి.

మళ్లీ మావాడి దగ్గరికి వస్తే, కొత్త అడాప్టర్ పెట్టాక ఛార్జింగ్ ఎక్కింది, ఎక్సెల్ కూడా పరిగెత్తింది. ఊరికే కుతూహలం కొద్దీ బ్యాటరీ రిపోర్టు తీశాం. ఆ ఫైలులో కిందికి వెళ్తే పాత వారాల చరిత్ర కూడా ఉంటుంది. షాపులో "పోయింది" అని తీసేసిన పాత బ్యాటరీ, తీసే ముందు వారం దాకా 42,000కి గాను 34,100 చూపిస్తోంది. కొత్తగా వేసినది డిజైన్ 42,000 అని గొప్పగా చెప్పుకుంటూ, అప్పటికే 29,000కి దిగింది.

మావాడు అక్కడే కూర్చుని షాపుకి ఫోన్ కొట్టాడు. "పాత బ్యాటరీ ఉందా అన్నా, తిరిగి ఇచ్చేస్తారా?"

"అది ఆ రోజే స్క్రాప్‌లో పోయింది తమ్ముడూ" అన్నారట.